పాత కోట, కొత్త రోడ్డు: నల్లగొండ, పాలమూరు చారిత్రక పట్టణాల్లో కట్టడాల రక్షణపై తరచుగా అడిగే ప్రశ్నలు

అలంపురం, గద్వాల, వనపర్తి, దేవరకొండ, భువనగిరి, పానగల్లు వంటి ఊళ్లలో ఇల్లు, దుకాణం, గుడి బాధ్యత లేదా వార్డు పదవి ఉన్నవాళ్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. చట్టంలో ఏముందో, నేల మీద ఏం జరుగుతుందో రెండూ చెప్పాం. ఆ రెండూ చాలాసార్లు ఒకటి కావు.

మా ఊళ్లో పాత కట్టడం ఉంది. దాని మీద పెత్తనం ఎవరిది?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. గొడవలు సగం ఇక్కడే మొదలవుతాయి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. పానగల్లు పచ్చల సోమేశ్వరం, ఛాయా సోమేశ్వరం, సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గుళ్లు, భువనగిరి ఖిల్లా, దేవరకొండ కోట, ఫణిగిరి బౌద్ధ క్షేత్రం రాష్ట్ర వారసత్వ శాఖవి. (పిల్లలమర్రి అనగానే పాలమూరువాళ్లకు మర్రిచెట్టు గుర్తొస్తుంది. అది వేరు, దాని సంగతి కింద ఉంది.) పూజలు జరిగే గుడి అయితే 1987 నాటి దేవాదాయ చట్టం కింద దేవాదాయ శాఖ కూడా వస్తుంది. చెరువు నీటిపారుదల శాఖది, గుట్ట అటవీ శాఖదో రెవెన్యూదో, దర్గా అయితే వక్ఫ్ బోర్డు, చుట్టూ ఉన్న రోడ్డు మున్సిపాలిటీదో రోడ్లు భవనాల శాఖదో.

ఒకే కోటలో గోడ ఒక శాఖది, లోపలి గుడి ఇంకొకరిది, కందకం మూడోవాళ్లది కావడం మామూలే. పని చెడితే ప్రతి శాఖా పక్క శాఖను చూపిస్తుంది. అందుకే నోటి మాట మీద ఆగకుండా కట్టడాన్ని రక్షితంగా ప్రకటించిన నోటిఫికేషన్ నకలు, అందులోని సర్వే నంబరు, విస్తీర్ణం సంపాదించండి. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి కాబట్టి పాత ఫైళ్లు చాలావరకు నల్లగొండ, మహబూబ్‌నగర్ కార్యాలయాల్లోనే దొరుకుతాయి. కొత్త కలెక్టరేట్‌లో "మా దగ్గర లేదు" అంటే అది అబద్ధం కాకపోవచ్చు.

100 మీటర్లు, 300 మీటర్లు అంటారు. ఎక్కడి నుంచి కొలవాలి?

1958 నాటి కేంద్ర చట్టాన్ని 2010లో సవరించారు. దాని ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం. ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత గోపురం నుంచో గర్భగుడి నుంచో మొదలుకాదు, రక్షిత స్థలం హద్దు నుంచి మొదలవుతుంది. గుడి చుట్టూ అర ఎకరం రక్షిత స్థలంగా ఉంటే ఆ అర ఎకరం అంచు దగ్గర టేపు పెట్టాలి.

ఈ తేడాతో ఒక వీధి మొత్తం లోపలికో బయటికో పోతుంది. గూగుల్ మ్యాపులో శిఖరం మీద చుక్క పెట్టి కొలిచి "మాది 110 మీటర్లు, భయం లేదు" అనుకుని పునాది తీసినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. హద్దురాళ్లు నేల మీద లేని చోట మండల సర్వేయరుతో, శాఖ ప్రతినిధి ఉండగా, టీపన్ (సర్వే కొలతల చిత్రం), గ్రామ నక్షా (ఊరి పటం) ఆధారంగా కొలిపించి పంచనామా రాయించుకోండి. హద్దురాయి లేని ఊళ్లో ఎవరి ఇల్లు లోపలుందో, ఎవరిది బయట ఉందో చెప్పే అధికారం పలుకుబడి ఉన్నవాడి చేతిలోకి పోతుంది.

మా ఇల్లు 100 మీటర్లలోపే ఉంది. ఏం చేసుకోవచ్చు, ఏం చేసుకోకూడదు?

కొత్త కట్టడం కుదరదు. పాతది కూల్చి అదే కొలతల్లో మళ్లీ కట్టడం కూడా కుదరదు. చట్టం దాన్ని పునర్నిర్మాణం అంటుంది, దానికి వీలున్నది నియంత్రిత ప్రాంతంలోనే. నిషేధిత ప్రాంతంలో మిగిలేది మరమ్మతు, నవీకరణ. అది కూడా 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇంటికి, లేదా ఆ తర్వాత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ అనుమతితో కట్టిన ఇంటికి మాత్రమే, దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకున్నాక.

1992 నాటికి ఇల్లు ఉందని చూపడమే కష్టమైన పని. పనికొచ్చేవి ఇవి: అప్పటి గ్రామ పంచాయతీ ఇంటిపన్ను రసీదులు, పాత కరెంటు బిల్లు, రిజిస్టర్డ్ దస్తావేజు, బ్యాంకు తనఖా కాగితాలు. ఆబాది (ఊళ్లో ఇళ్లున్న) భూమికి పహాణీలో ఇంటి వివరం ఉండదు కాబట్టి పంచాయతీ అసెస్‌మెంట్ రిజిస్టర్ నకలే గట్టి ఆధారం. డోర్ నంబర్లు మారిన ఊళ్లలో పాత నంబరు, కొత్త నంబరు ఒకటేనని మున్సిపాలిటీ నుంచి ధ్రువపత్రం తీసుకోకపోతే ఫైలు అక్కడే ఆగిపోతుంది.

అన్నదమ్ములు పంచుకున్న ఇంటి మీద ఇంకో అంతస్తు వేయడం మరమ్మతు కాదు. నిలువుగా పెంచినా, అడ్డంగా పెంచినా చట్టం దృష్టిలో అది నిర్మాణమే. ఈ ఒక్క విషయం మీదే అలంపురం లాంటి ఊళ్లలో జనానికి పురావస్తు శాఖ అంటే మంట. కుటుంబం పెరిగింది, ఇల్లు పెరగకూడదంటున్నారు. ఆ కోపం న్యాయమైనదే. గుడి పేరు దేశమంతా చెప్పుకుంటుంది, దాని ఖరీదు మాత్రం గుడి పక్క వీధివాళ్లు కడుతున్నారు. నిషేధిత ప్రాంతంలో ఇరుక్కున్న కుటుంబాలకు దగ్గర్లోనే వేరే ఇంటి స్థలాలు ఇవ్వడం గురించి స్థానిక నాయకులు నోరు విప్పితే ఈ గొడవ సగం చల్లారుతుంది. చట్టాన్ని మారుస్తామని మాట ఇవ్వడం తేలిక, ఇంటి జాగా చూపించడం కష్టం. అందుకే ఎన్నికల్లో మొదటిదే వినబడుతుంది.

అనుమతికి దరఖాస్తు ఎలా? ఎన్నాళ్లు పడుతుంది?

దరఖాస్తు రాష్ట్రానికి నియమించిన కాంపిటెంట్ అథారిటీకి (ఈ అనుమతులు చూసే అధికారికి) పోతుంది. ఆయన 15 రోజుల్లో జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థకు పంపాలి. ఆ సంస్థ రెండు నెలల్లో తేల్చాలి. సిఫార్సు తిరిగి వచ్చాక కాంపిటెంట్ అథారిటీ ఒక నెలలో మీకు చెప్పాలి. చట్టం లెక్కన మొత్తం మూడున్నర నెలలు. కాగితం సరిగ్గా లేక వెనక్కి వస్తే ఆ లెక్క మళ్లీ మొదలవుతుంది.

వెనక్కి రావడానికి కారణాలు దాదాపు అన్నిచోట్లా ఒకటే. ఎత్తు రాసేటప్పుడు పైకప్పు వరకే రాస్తారు, పిట్టగోడ, మెట్ల గది, నీళ్ల ట్యాంకు ఎత్తు కలపరు. కలపాలి. కట్టడం నుంచి దూరం, కట్టడం హద్దు నుంచి దూరం రెండూ కలగాపులగం చేస్తారు. మరమ్మతు అని రాసి, జతచేసిన ప్లానులో కొత్త గది గీస్తారు. ఇది చూసిన అధికారికి తిరస్కరించడం తప్ప దారి లేదు. ఇంటి ఫొటోలు నాలుగు వైపుల నుంచీ తీయండి. పగుళ్లు, కుంగిన దూలం దగ్గరగా తీసినవి జత చేస్తే మరమ్మతు అవసరం కాగితం మీదే కనబడుతుంది.

మున్సిపాలిటీ ఆన్‌లైన్‌లో అనుమతి వెంటనే వచ్చేసింది. అది చాలదా?

చాలదు. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ పద్ధతిలో 75 చదరపు గజాల లోపు స్థలానికి రిజిస్ట్రేషన్‌తోనే సరిపెట్టారు. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో అనుమతి ఇచ్చారు. స్వీయ ధ్రువీకరణ అంటే బాధ్యత మీ నెత్తిన వేసుకోవడమే. రక్షిత కట్టడం దగ్గర లేదని టిక్కు పెట్టి తీసుకున్న అనుమతి అబద్ధపు అనుమతి. దాన్ని మున్సిపాలిటీ రద్దు చేయవచ్చు, కట్టింది కూల్చవచ్చు. దాంతోపాటు కేంద్ర చట్టం కింద కేసు వేరే. నిషేధిత ప్రాంతంలో కట్టినా, నియంత్రిత ప్రాంతంలో అనుమతి లేకుండా కట్టినా రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చూసీచూడనట్టు వదిలేసిన కేంద్ర అధికారికి శిక్ష ఇంకా ఎక్కువ, మూడేళ్ల వరకు.

దరఖాస్తు నింపేది చాలాసార్లు మీసేవ దుకాణంలోని కుర్రాడు. ఏ గడిలో ఏం టిక్కు పెట్టాడో ప్రింటు తీసి చదివాకే డబ్బు కట్టండి.

రక్షిత ప్రాంతమని చెప్పి మా వీధికి మోరీ కూడా వేయడం లేదు. నిజంగా వేయకూడదా?

వేయవచ్చు. చట్టంలో నిర్మాణం అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోంచి మురుగు కాలువల పనులు, వాటిని శుభ్రం చేయడం, ప్రజా మరుగుదొడ్లు, ప్రజలకు నీటి సరఫరా, కరెంటు ఇవ్వడం తీసేశారు. కాబట్టి ఆ సాకు చెల్లదు. తవ్వేటప్పుడు రక్షిత హద్దు లోపలికి పోకూడదు, పాత రాళ్లు, శిల్పాలు, కుండపెంకుల పొర కనబడితే పని ఆపి శాఖకు చెప్పాలి, అంతే.

ప్రభుత్వం కట్టే భవనాలకూ ఈ నిషేధం ఉంటుందా?

ఉంటుంది. 2010 సవరణ తర్వాత నిషేధిత ప్రాంతంలో ప్రజా ప్రయోజన పనులకు కూడా అనుమతి ఇవ్వకూడదు. దీన్ని సడలించే బిల్లును 2018 జనవరిలో లోక్‌సభ ఆమోదించింది, రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి పంపింది. బిల్లు చట్టం కాదు. "ప్రభుత్వ పని కదా" అంటూ యాత్రికుల సముదాయం నిషేధిత ప్రాంతంలో మొదలెడితే ఎవరైనా కోర్టుకు పోయి ఆపించవచ్చు. అలంపురం యాత్రాస్థలాలను అభివృద్ధి చేసే కేంద్ర ప్రసాద్ పథకంలో ఉంది కాబట్టి, యాత్రికుల కోసం అక్కడ వేసే ప్రతి ప్లాను మీదా ఈ 100 మీటర్ల గీత మొదటే గీయాలి.

మా ఊరి పాత గడీ, పాత బజారు ఇళ్లు రక్షిత కట్టడాలేనా?

చాలావరకు కావు. పాతబడినంత మాత్రాన చట్టం కాపాడదు, నోటిఫికేషన్ ఉండాలి. హైదరాబాద్‌లో 1995 నుంచి నిబంధన 13 కింద కాపాడాల్సిన ప్రైవేటు వారసత్వ భవనాల జాబితా ఉండేది, అదీ 2015లో పోయింది. నల్లగొండ, పాలమూరు పట్టణాలకు అలాంటి జాబితా ఏదీ లేదు. కట్టడాల రక్షణకు 1960లో చేసిన పాత రాష్ట్ర చట్టం స్థానంలో 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. కానీ చట్టం ఉండటం వేరు, మీ వీధిలోని భవనం దాని కింద నోటిఫై కావడం వేరు. యజమాని అమ్మేస్తే, కొన్నవాడు జేసీబీ తెస్తే, ఆపడానికి మీ చేతిలో కాగితం లేదు.

జనాన్ని పీడించిన దొరల గడీలను ఎందుకు కాపాడాలి?

అడగాల్సిన ప్రశ్నే. 1946లో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లాలోదే. వెట్టిచాకిరీతో లేచిన గోడను చూసి మురిసిపొమ్మని ఎవరూ ఆ ఊరివాళ్లకు చెప్పలేరు.

కానీ గడీని కూల్చేస్తే వెట్టికి కూడా రుజువు పోతుంది. జనాన్ని నిలబెట్టిన వాకిలి, ధాన్యం కొలిపించిన గాదెలు, తుపాకులు పెట్టిన బురుజు కంటికి కనబడుతుంటేనే తర్వాతి తరానికి ఆ మాట అర్థమవుతుంది. హోటలుగా మార్చి "రాజసం" అని బోర్డు పెట్టడం ఒక రాజకీయం. గ్రంథాలయమో, బడో, పోరాట చరిత్ర చెప్పే గదో చేయడం ఇంకో రాజకీయం. రెండోదే మేలని మా అభిప్రాయం. ఊరి గ్రామసభలో ఏ వాడవాళ్లు ఏమంటారో విన్నాకే నిర్ణయించాలి, వారసత్వ ప్రేమికులు హైదరాబాద్ నుంచి వచ్చి తేల్చేది కాదు.

రోడ్డు వెడల్పు కోసం మా పాత ఇంటి గోడకు ఎర్ర రంగుతో మార్కింగ్ వేశారు. ఏం చేయాలి?

రంగు గీత నోటీసు కాదు. ఏ చట్టం కింద, ఏ ఉత్తర్వు మీద గీశారో రాతపూర్వకంగా అడగండి. సాధారణంగా మూడు దారుల్లో ఒకటి ఉంటుంది.

మాస్టర్ ప్లానులో రోడ్డు 60 అడుగులో 80 అడుగులో అని ఉండి, దాని ప్రకారం స్థలం వదలమంటారు. అప్పుడు మాస్టర్ ప్లాను షీటు, మీ స్థలం మీద పడిన గీత, ముసాయిదా ప్రకటించిన తేదీ చూడాలి. అభ్యంతరాలు చెప్పాల్సింది ముసాయిదా దశలో. జేసీబీ వచ్చే రోజున చెప్పే అభ్యంతరానికి బలం తక్కువ. ముసాయిదా ప్లాను మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించిన వారంలో పది మంది కూడా పోయి చూడరు, మూడేళ్లకు వందమంది ధర్నా చేస్తారు.

రెండోది 2013 భూసేకరణ చట్టం. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లోపు అభ్యంతరం ఇవ్వాలి. మార్కెట్ విలువ, దానిపైన నూరు శాతం సొలేషియం (అదనపు పరిహారం), కట్టడం విలువ వేరుగా వస్తాయి. ఎక్కువమందికి తెలియని సంగతి: ఇంట్లో కొంత భాగమే తీసుకుంటామంటే, మొత్తం ఇల్లు తీసుకొమ్మని పట్టుబట్టే హక్కు 94వ సెక్షన్ ఇస్తుంది. ముందు గది పోయి వెనక వంటిల్లు మిగిలిన ఇంటిని ఎవరు కొంటారు? రాష్ట్ర సవరణల వల్ల అన్ని పనులకూ సామాజిక ప్రభావ అంచనా జరగకపోవచ్చు, దాని మీదే ఆధారపడి కూర్చోవద్దు.

మూడోది అంగీకార పత్రం. కౌన్సిలరు, ఆఫీసు మనిషి కలిసి వచ్చి సంతకం అడుగుతారు. ఖాళీ కాగితం మీద, కొలతలు లేని కాగితం మీద సంతకం వద్దు. ఎన్ని అడుగులు, ఎన్ని గజాలు, బదులుగా డబ్బా, దుకాణమా, బదలాయించదగిన అభివృద్ధి హక్కులా (పోయిన స్థలానికి బదులు వేరే చోట అదనంగా కట్టుకునే, అమ్ముకునే హక్కులా) అన్నది అందులోనే ఉండాలి. ఆ హక్కుల పత్రాలకు హైదరాబాద్‌లో కొనే బిల్డర్లున్నారు. రెండంతస్తులు దాటని బజారులో దాన్ని ఎవరికి అమ్ముతారో ముందే ఆలోచించుకోండి.

ఇక గోడ కోయక తప్పకపోతే, పాత ఇంటిని కొత్త ఇంటిలా కోయకూడదు. మట్టి, డంగుసున్నంతో కట్టిన గోడ అడుగున్నర నుంచి రెండడుగుల మందం ఉంటుంది, బయటి రెండు పొరల మధ్య మట్టి, రాళ్ల నింపుడు ఉంటుంది. జేసీబీ పళ్లు తగిలితే నింపుడు జారి పక్కింటి ఉమ్మడి గోడతో సహా కూలుతుంది. ముందు దూలాల కింద బల్లీలు నిలబెట్టాలి. పైనుంచి కిందికి, చేతి పనితో, వరసవరసగా విప్పాలి. కోసిన చోట అడ్డగోడ కొసలు రాళ్లతో కట్టి మూయాలి. ఆ తర్వాతే ముందు భాగం కొత్తగా లేపాలి. తలుపు చౌకట్లు, చెక్కిన దిమ్మెలు, కొయ్య స్తంభాలు దింపేటప్పుడు నంబర్లు వేసుకోండి. పాత టేకు కొనేవాళ్లు పని మొదలైన రోజే వస్తారు.

గుడిని వేరే చోటికి తరలిస్తే సమస్య తీరదా? కూడవెల్లిని తరలించారు కదా?

తరలించారు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వస్తాయని తుంగభద్ర, కృష్ణ కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్ల సముదాయమూ అలాగే కదిలింది. జటప్రోలు గుళ్లదీ అదే కథ. అలంపురం నవబ్రహ్మ ఆలయాలను మాత్రం కదపకుండా నది వైపు అడ్డుగోడ కట్టారు. అంతకుముందు నాగార్జునసాగర్ కింద నాగార్జునకొండ లోయ, నల్లగొండ వైపు ఏలేశ్వరం మునిగాయి. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు చేసి, కొన్నింటినే కొండ మీదికి తెచ్చి నిలబెట్టారు.

తరలింపులో ప్రతి రాయికీ నంబరు వేస్తారు, గీతలు, ఫొటోలు తీస్తారు, శిఖరం నుంచి కిందికి విప్పుతారు, పునాది నుంచి పైకి కడతారు. వచ్చేది ముఖపు రాయి. రానివి మూడు: గోడ లోపలి నింపుడు, పునాది కింద పొరల్లో ఉన్న చరిత్ర, నదితో గుడికున్న సంబంధం. సంగమం ఒడ్డున లేని సంగమేశ్వరుడికి పేరే మిగిలింది. కదిలిన గుడికి ఊరు దొరికింది, మునిగిన ఊళ్ల జనానికి ఆ పాటి జాగ్రత్త కూడా అందలేదన్న బాధ ఈ నదీతీరంలో ఇప్పటికీ ఉంది. ఇంకా పెద్ద ప్రాజెక్టులు వస్తున్న జిల్లాలివి, కాబట్టి తరలింపు ఆఖరి దారే కావాలి.

పాత చెరువును రిజర్వాయరు చేస్తే తప్పేంటి?

తప్పని కాదు. పానగల్లులో కందూరు చోళుల నాటి ఉదయసముద్రం ఇవాళ 1.5 టీఎంసీల బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. నల్లగొండ తాగునీళ్లకు, సాగుకు అది కావాలి. వందల ఏళ్ల చెరువు ఇంకా చెరువుగానే పనిచేయడం కంటే మంచి పరిరక్షణ ఏముంది?

చూడాల్సింది చుట్టుపక్కల. నీటి మట్టం ఏడాది పొడవునా ఎత్తుగా నిలబెడితే కట్ట కింద నేలలో తేమ పెరుగుతుంది, దగ్గర్లోని రాతి గుళ్ల పునాదిలోకి ఉప్పుతో పాటు ఎక్కుతుంది. పాత రాతి తూము తీసి కాంక్రీటు తూము పెట్టేటప్పుడు కట్ట మీది శాసనపు రాయి మట్టిలో కలిసిపోతుంది. పూడిక తీసేముందు కట్ట, తూము, అలుగు దగ్గరి ప్రతి రాతినీ ఫొటో తీసి జాబితా చేయడం ఒక రోజు పని. కొత్త ప్లాట్ల విషయంలో గుర్తుంచుకోవాల్సింది: 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టపు గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి.

గుడి కమిటీ వాళ్లు సిమెంటుతో బాగు చేయించారు, రంగులు వేయించారు. అందంగానే ఉంది కదా?

రెండేళ్లు అందంగా ఉంటుంది. పాత గోడ తేమను పీల్చి బయటికి వదులుతుంది, సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తేమ రాయిలోంచి బయటపడుతుంది, దాంతో వచ్చిన ఉప్పు రాతి ముఖాన్ని పొరలుగా రాల్చేస్తుంది. అలంపురం లాంటి ఇసుకరాయి మీద ఇది తొందరగా కనబడుతుంది. గ్రానైటు మీద జాయింట్ల పక్కన మొదలవుతుంది. ఇనుప కొక్కేలు తుప్పుపట్టి ఉబ్బి రాయినే చీలుస్తాయి. శాండ్‌బ్లాస్టింగ్ ఇంకా ఘోరం. సున్నపు పూతతో పాటు శిల్పం ముక్కు, కన్ను, శాసనపు అక్షరం కూడా లేచిపోతాయి. అవి మళ్లీ రావు.

డంగుసున్నం పని మొదలెట్టే ముందు పాత గార ముక్క ఒకటి తీసి, పొడి చేసి, పలచని ఆమ్లంలో వేయండి. సున్నం కరిగిపోతుంది, ఇసుక, ఇటుక పొడి అడుగున మిగులుతాయి. ఆ ఇసుక రంగు, గింజ సైజు చూసి దానికి దగ్గరి ఇసుకే తేవాలి. సున్నపు రాయిని గుంటలో తడిపి కనీసం మూడు వారాలు నీళ్ల కింద మురగనివ్వాలి, తర్వాత జల్లెడ పట్టాలి. జాయింట్లకు సున్నం, ఇటుక పొడి, ఇసుక ఒక్కో పాలు, లేదా ఒక పాలు సున్నానికి రెండు పాళ్లు ఇసుక. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో డంగులో నూరాలి. బెల్లం ఎక్కువైతే చీమలు, బూజు వస్తాయి, గట్టితనం రాదు. జాయింటును వెడల్పుకు రెట్టింపు లోతు గీరి, దుమ్ము కడిగి, తడి ఉండగానే నింపాలి. ఒక పొర 10, 12 మిల్లీమీటర్లకు మించితే పగులుతుంది. తడి గోనెపట్టలు రెండు వారాలు కప్పి ఉంచాలి.

ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు ఈ పని చేయకూడదు. వానలు వెనకబట్టాక మొదలెట్టి ఫిబ్రవరిలోపు ముగించాలి. చిక్కేమిటంటే నిధులు మార్చి నెలాఖరులోపు ఖర్చు చేయాలంటారు, టెండరు జనవరిలో తెరుస్తారు. సున్నం మురగడానికి కాంట్రాక్టరుకు టైముండదు, సిమెంటు కలుపుతాడు. టెండరు షరతుల్లో సున్నం గుంట తేదీ రాయించి, సున్నం సిద్ధమైందని ఇంజినీరు సంతకం పెట్టాకే తర్వాతి బిల్లు అన్న మాట చేర్పించండి.

గోడలో మొలిచిన రావిచెట్టును పీకేయమంటారా?

పీకవద్దు. వేరు గోడను పట్టుకునే ఉంది, పీకితే రాళ్లు ఊడొస్తాయి. కొమ్మలు కోసి, మొదలు మిగిల్చి, అందులో మందు పెట్టి చంపాలి. ఎండాక వేరు పోయిన సందుల్లో పలచని సున్నపు గార పోయాలి.

కోటల్లో, బంగ్లాల్లో కాలేజీలు నడుస్తున్నాయి. ఖాళీ చేయించాలా?

గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ, వనపర్తి సంస్థానం బంగ్లాలో పాలిటెక్నిక్ నడిచాయి కాబట్టే ఆ గోడలు ఇన్నాళ్లు నిలిచాయి. మనుషులు తిరగని భవనం మన దగ్గర పదేళ్లలో పాడుబడుతుంది. చెడేది వాడకంలో కాదు, మార్పుల్లో. పాత గోడకు ఆనించి మరుగుదొడ్లు కట్టడం, గచ్చు కప్పు కారుతుందని పైన కాంక్రీటు స్లాబు వేసి బరువు పెంచడం, పుస్తకాల బీరువాలన్నీ దూలం నడుమకు చేర్చడం, వైరింగు కోసం గార చెక్కేయడం. మరుగుదొడ్లు కనీసం కొన్ని గజాల దూరంలో వేరుగా కట్టండి, బరువు బీరువాలు గోడల వెంట పెట్టండి, తీగలు పైపైనే పోనివ్వండి.

రోప్‌వే, లైట్ షో వస్తే ఊరికి లాభమే కదా?

భువనగిరి ఖిల్లా కేంద్ర పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ 2.0లో ఉంది, రోప్‌వే కూడా ఆ ఆలోచనలో భాగమే. ఎక్కలేని ముసలివాళ్లకు, పిల్లలకు అది మంచిదే. ప్రతినిధులను అడగాల్సినవి: స్తంభాలకు బండను ఎక్కడ, ఎంత లోతు తొలుస్తారు? పైకి గంటకు ఎంతమంది పోతారు, ఇరుకు మెట్లు, బురుజులు అంతమందిని మోస్తాయా? పైన మరుగుదొడ్డి నీళ్లు ఎటు పోతాయి, చెత్త కిందికి ఎవరు తెస్తారు? టిక్కెట్టు డబ్బులో మున్సిపాలిటీ వాటా ఎంత? ఈ చివరి ప్రశ్నకు జవాబు కాగితం మీద లేకపోతే లాభం ఊరిదాకా రాదు.

పాలమూరు పిల్లలమర్రి చెట్టుకు ఇవన్నీ వర్తిస్తాయా?

చట్టం వేరు, పాఠం ఒకటే. 2017 డిసెంబర్‌లో పెద్ద కొమ్మ విరిగాక సందర్శకులను ఆపేశారు. చెదలు పట్టిన మానుకు సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా మందు ఎక్కించారు, ఊడలకు గొట్టాలు తొడిగారు, కొమ్మలకు ఆధారాలు కట్టారు. కొమ్మల మీద ఊగడం, వేళ్ల మీద నడవడం దాన్ని ఆ స్థితికి తెచ్చాయి.

గుప్తనిధుల కోసం గుళ్లు తవ్వేస్తున్నారు. దొరికింది చెబితే మాకేమైనా ఇబ్బందా?

చెప్పకపోతేనే ఇబ్బంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లో ఉంది. పది రూపాయలకు మించిన విలువున్నది భూమిలో దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి: ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు. నందిని పగలగొట్టి, లింగాన్ని పెకలించి చూసేవాళ్లకు అక్కడ బంగారం దొరకదు. లింగం కింద రత్నాలుంటాయన్న మాట ఊరూరా తిప్పేది మంత్రగాళ్లు, పోగొట్టుకునేది ఊరు. రాత్రిళ్లు గుట్ట మీద జనరేటరు చప్పుడు వినబడితే అప్పుడే పోలీసులకు చెప్పండి.

కాగితాలు ఎవరూ ఇవ్వడం లేదు. ఎలా?

సమాచార హక్కు దరఖాస్తు. మన దగ్గర గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, తర్వాత 90 రోజుల్లో రెండో అప్పీలు. "ఎందుకు కూలుస్తున్నారు" అని అడిగితే జవాబు రాదు. ఫలానా సర్వే నంబరు సేత్వార్ (మొదటి సర్వే రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ, నోటిఫికేషన్, పని అంచనా పత్రం, కొలతల పుస్తకం నకళ్లు అని పేరుపేరునా అడగండి.

కోర్టుకు పోతే గెలుస్తామా?

అందంగా ఉంది, పాతది అన్న వాదనతో గెలవడం అరుదు. 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు హైదరాబాద్‌లోని పాత ఎర్రమంజిల్ భవనం కూల్చివేత నిర్ణయాన్ని కొట్టేసింది. అక్కడ పనిచేసింది భవనం సొగసు కాదు, అమల్లో ఉన్న నిబంధనలను ప్రభుత్వం పక్కనపెట్టిందన్న అంశం. మీ కేసులోనూ వెతకాల్సింది అదే: తప్పిన నోటీసు, అడగని అభిప్రాయం, తీసుకోని అనుమతి. కూల్చివేత మొదలయ్యాక వచ్చే స్టే వల్ల సగం గోడే మిగులుతుంది, కాబట్టి ఉత్తర్వు చేతికొచ్చిన వారంలోనే వకీలును కలవండి, వెళ్లేటప్పుడు తేదీ కనబడే ఫొటోలు, పంచనామా, సమాచార హక్కు జవాబు పట్టుకుపోండి.